పూచీ ఎవరిది?
(దారుల కథ – 9వ భాగం)

మోటారు బండి తన సొంత గడ్డ మీద చట్టానికి ఎలా లొంగిందో గత భాగంలో చూశాం. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండి నడుపుకోవడానికి బాడెన్ ప్రభుత్వం దగ్గర రాతపూర్వక అనుమతి సంపాదించాడు. అదే నెలలో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండానే మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తల్లి దగ్గరికి బయల్దేరింది. దారిలో మందుల దుకాణంలో ఇంధనం కొనుక్కుంది. 1893లో పారిస్ పోలీసులు బండి నడిపేవాళ్లకు యోగ్యతాపత్రం తప్పనిసరి చేశారు. 1899లో ఫ్రాన్స్ ఆ పద్ధతిని దేశమంతటా తెచ్చింది. బ్రిటన్ మాత్రం 1904 జనవరి 1 నుంచి లైసెన్సు పెట్టింది కానీ పరీక్ష పెట్టలేదు. పదిహేడేళ్లు నిండి, ఐదు షిల్లింగులు కడితే కాగితం చేతికొచ్చేది.

ఆ ఐదు షిల్లింగుల కాగితం పట్టుకుని ఒక ఆంగ్లేయుడు ఇంగ్లిష్ చానల్ దాటి ఫ్రాన్స్‌లో బండి దింపితే అక్కడి పోలీసు దాన్ని ఎందుకు నమ్మాలి? పరీక్ష పెట్టిన దేశం పరీక్ష పెట్టని దేశపు కాగితాన్ని ఏ ధైర్యంతో ఒప్పుకోవాలి? ఈ భాగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

సుంకం గేటు దగ్గర

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మోటారు బండిలో దేశం దాటేవాడికి ముందు ఎదురయ్యేది పోలీసు కాదు, సుంకం అధికారి. ఆయన లెక్కలో ఆ బండి దిగుమతి సరుకు. లోపలికి తీసుకుపోయి అమ్ముకోవని నమ్మకం ఏమిటన్నది ఆయన సందేహం. అందుకని సుంకం మొత్తం అక్కడికక్కడే రొక్కంగా కట్టించుకుని రసీదు ఇచ్చేవాడు. కొన్ని దేశాల్లో సుంకం బండి బరువును బట్టి ఉండేది కాబట్టి కాటా కూడా వేసేవాళ్లు. దేశం విడిచి వెళ్లేటప్పుడు రసీదు చూపించి డబ్బు వెనక్కి తీసుకోవాలి. లోపలికి వచ్చిన గేటు ఒకటి, బయటికి వెళ్లే గేటు మరొకటి. ఒక దేశం ఫ్రాంకులు అడిగితే పక్క దేశం మార్కులు అడుగుతుంది. వాన కురుస్తున్నా, పొద్దు గూకుతున్నా ఆ లెక్క తేలేదాకా బండి కదలడానికి లేదు.

ఈ చిక్కు విప్పింది ప్రభుత్వాలు కావు, మోటారు క్లబ్బులు. ఫ్రాన్స్‌లో ఆటోమొబైల్ క్లబ్ 1895లో పుట్టింది, బ్రిటన్‌లో 1897లో. 1898లో టూరింగ్ క్లబ్బులన్నీ లక్సెంబర్గ్‌లో కలిసి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నాయి. 1904లో జర్మనీలోని బాడ్ హోంబర్గ్‌లో ఆటోమొబైల్ క్లబ్బులు మరో కూటమి కట్టాయి. ఇప్పుడు ఫార్ములా వన్ పందేలను నడిపే ఎఫ్ఐఏకి మూలం ఆ కూటమే. ధనవంతుల ఆటోమొబైల్ క్లబ్బులకూ, సైకిలు రోజుల నుంచీ ఉన్న టూరింగ్ క్లబ్బులకూ పెద్దరికం దగ్గర పోటీ ఉండేది. సరిహద్దు విషయంలో మాత్రం రెండు పక్షాలూ ఒకే దారి పట్టాయి. ఊళ్లో కొత్తవాడికి అప్పు పుట్టాలంటే తెలిసిన పెద్దమనిషి పూచీ పడినట్టు, తమ సభ్యుడి తరఫున సుంకం శాఖకు క్లబ్బే పూచీ పడింది.

ఆ పూచీకి రూపం ట్రిప్టిక్ అనే పత్రం. మూడు భాగాల కాగితం అది. బండి వివరాలు మూడు భాగాల్లోనూ రాసి ఉంటాయి. లోపలికి వచ్చినప్పుడు అధికారి ముద్ర వేసి ఒక భాగం చించి ఉంచుకుంటాడు. బయటికి వెళ్లేటప్పుడు రెండో భాగం అక్కడి గేటులో ఇవ్వాలి. రెండు ముద్రలూ పడిన మూడో భాగం యజమాని దగ్గర మిగులుతుంది. అదే అతని సాక్ష్యం. బయటికి వెళ్లే ముద్ర వేయించుకోవడం మరిచిపోయాడా, బండి ఆ దేశంలోనే ఉండిపోయినట్టు లెక్క. సుంకం శాఖ క్లబ్బు మీద పడుతుంది, క్లబ్బు సభ్యుడి మీద పడుతుంది. తర్వాత అనేక దేశాలకు కలిపి ఒకే పుస్తకంగా కార్నే వచ్చింది. సొంత బండితో దేశాలు చుట్టేవాళ్లకు ఈ రోజుకీ చాలాచోట్ల కార్నే లేకుండా గేటు తెరుచుకోదు.

సుంకం తగువు అలా డబ్బు పూచీతో తేలింది. కానీ బండి నడిపేవాడి చెయ్యి ఎంత నికార్సైనదో డబ్బుతో తేలదు కదా!

పెకింగ్ నుంచి పారిస్‌కు

ఈ కాలపు సంగతి చెబుతూ 1907 నాటి పెకింగ్–పారిస్ పందెం దాటి పోవడానికి మనసొప్పదు. ఆ ఏడాది జూన్ 10న ఐదు బండ్లు పెకింగ్‌లో బయల్దేరాయి. ఇటలీకి చెందిన రాకుమారుడు షిపియోనే బోర్గేసే, ఆయన మెకానిక్ ఎత్తోరే గిజార్ది, పత్రికా విలేఖరి లుయీజీ బర్జీనీ – ఈ ముగ్గురూ ఇటాలా అనే బండిలో ఉన్నారు. ఎడారి, బురద, వంతెనలు లేని వాగులు – ఇవన్నీ ఒక ఎత్తు, అనుమతులు ఒక ఎత్తు. చైనా ప్రభుత్వం ప్రయాణపత్రాలు ఇవ్వడానికి వెనకాడింది. బండ్లు పోవడానికి దారే లేని దేశంలోకి ఈ విదేశీయులు ఎందుకు వస్తున్నారన్నది వాళ్ల అనుమానం. సైబీరియాలో బైకాల్ సరస్సు దగ్గర రోడ్డు పాడైపోయి ఉంటే, రైలు పట్టాల మీద బండి నడుపుకోవడానికి బోర్గేసే రష్యా అధికారుల దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నాడు. ఇటాలా కొంత దూరం అచ్చంగా పట్టాల మీదే పోయింది.

ఆగస్టు 10న బోర్గేసే పారిస్ చేరి పందెం గెలిచాడు. చేరడానికి కాస్త ముందు బెల్జియంలో ఒక పోలీసు వేగం ఎక్కువైందని బండి ఆపి, ఎక్కడినుంచి వస్తున్నారని అడిగాడట. పెకింగ్ నుంచి అని బోర్గేసే చెబితే ఆ పోలీసు ససేమిరా నమ్మలేదట. బండి పోగలిగిన దూరం ఒక్కసారిగా అంత పెరిగిపోయింది, చట్టం మాత్రం ఆ పోలీసు నిలబడ్డ మలుపు దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత రెండేళ్లకు పారిస్‌లో జరిగిన సమావేశానికి అసలు కారణం ఈ అంతరమేనని నా అభిప్రాయం.

1909, పారిస్

1909 అక్టోబరులో యూరప్ రాజ్యాల ప్రతినిధులు పారిస్‌లో కూర్చున్నారు. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, రష్యా, ఇటలీ, ఆస్ట్రియా–హంగరీ, మరికొన్ని దేశాలు. ఐదేళ్లు తిరక్కుండానే ఒకరి మీద ఒకరు ఫిరంగులు పేల్చుకోబోయే దేశాలవి. అవే ఒక బల్ల చుట్టూ చేరి హారన్లు, బ్రేకులు, నంబరు పలకల గురించి మాట్లాడుకుని, అక్టోబరు 11న ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1910 మే 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఆ ఒప్పందం చదువుతుంటే అప్పటి వీధి కళ్లకు కడుతుంది. బండికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకులు ఉండాలి. మంటలు, పేలుడు ప్రమాదం ఉండకూడదు. పొగతో జనాన్ని ఇబ్బంది పెట్టకూడదు. స్వారీ చేస్తున్న, బండ్లకు కట్టిన జంతువులు బెదిరేంత చప్పుడు చేయకూడదు. రోడ్డు ఇంకా గుర్రానిదే మరి. నడిపేవాడికి పద్దెనిమిదేళ్లు నిండాలి. ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారం ఇచ్చిన సంఘం గానీ అతని సామర్థ్యం రుజువు చేసుకున్నాకే అనుమతి ఇవ్వాలి.

ఈ చివరి షరతు దగ్గరే బ్రిటన్ ఇరుకున పడింది. స్వదేశంలో పరీక్షే లేదు, బయటికి పోయేవాడికి మాత్రం సామర్థ్యం రుజువు కావాలి! ఒప్పందంలో ‘అధికారం పొందిన సంఘం’ అన్న మాట అక్కరకొచ్చింది. అక్కడ అంతర్జాతీయ పాస్‌లు ఇచ్చే పని మోటారు సంఘాల చేతికే వెళ్లింది. బ్రిటన్ తన సొంత పౌరులకు డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి చేసింది 1935 జూన్ 1న. అంతకుముందు ఏడాది అక్కడ రోడ్ల మీద 7,000 మందికి పైగా చనిపోయారు. పరీక్ష పెట్టడానికి అన్ని ప్రాణాలు పోవలసి వచ్చిందంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఒప్పందం పుట్టించిన కొత్త వస్తువు ‘అంతర్జాతీయ రోడ్డు పాస్’. ఏడాది గడువు ఉన్న చిన్న పుస్తకం. బండి వివరాలూ, దాన్ని నడిపేవాడి వివరాలూ అందులోనే. దానితోపాటు బండి వెనక కోడిగుడ్డు ఆకారంలో ఒక పలక: 30 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తు, తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు. బ్రిటన్‌కు జీబీ, ఫ్రాన్స్‌కు ఎఫ్, జర్మనీకి డి. పొరుగు దేశపు బండి మన ఊళ్లో ఆవును గుద్ది సరిహద్దు దాటిపోతే ఎవరిని అడగాలన్న పల్లెటూరి భయానికి ఈ పలక జవాబు. నాలుగు హెచ్చరిక గుర్తులు కూడా అప్పుడే అందరివీ అయ్యాయి: గతుకు, మలుపు, కూడలి, రైలు గేటు. ప్రమాదం ఉన్న చోటికి సుమారు 250 మీటర్ల ముందు పాతాలని చెప్పారు. భాష రానివాడికి కూడా బొమ్మ అర్థమవుతుంది. ఈ రోజు మన జాతీయ రహదారి మీద కనిపించే హెచ్చరిక బోర్డుల వంశం అక్కడ మొదలైంది.

ఎటు పక్కన నడపాలన్నది మాత్రం తేల్చలేకపోయారు. స్థానిక ఆచారం పాటించాలన్నారు, అంతే. ఆ ఆచారమేమో దేశంలోనే ఒక తీరుగా ఉండేది కాదు. ఇటలీలో ఊరి బయట కుడి పక్కన పోతూ, రోమ్, మిలాన్ లాంటి నగరాల్లోకి రాగానే ఎడమకు మారాల్సి వచ్చేది.

పాస్ ఉన్నా పనికిరాని చోటు

రాజధానుల్లో సంతకాలు పెట్టినంత మాత్రాన పల్లె ఒప్పుకోవాలని లేదు. స్విట్జర్లాండ్‌లో గ్రౌబుండెన్ అనే కొండ ప్రాంతం ఉంది. 1900లో అక్కడి ప్రభుత్వం మోటారు బండ్లను పూర్తిగా నిషేధించింది. ఇరుకు కొండదారులు, గుర్రపు తపాలా బండ్లు, పశువుల మందలు – వీటి మధ్య ఈ పొగ యంత్రం మాకొద్దన్నారు జనం. మోటారువాడు అక్కడికి చేరాక ఇంజను ఆపి, గుర్రాన్నో ఎద్దునో కట్టి బండిని లాగించుకోవాల్సి వచ్చేది. జేబులో ఏ అంతర్జాతీయ పాస్ ఉన్నా గ్రౌబుండెన్ రైతుకు లెక్కలేదు. ప్రజల ఓటుకు పెట్టినప్పుడల్లా నిషేధమే గెలుస్తూ వచ్చి, చివరికి 1925లో ఓడిపోయింది.

ఆ రైతుల్ని వెనకబడ్డవాళ్లనడం సులువు. కానీ రోడ్డు వాళ్లు వేసుకున్నది, దుమ్ము వాళ్ల కళ్లలో పడేది, చచ్చేది వాళ్ల పశువులు. బండి ఎక్కినవాడి హక్కు గురించి అంతర్జాతీయ సమావేశాలు జరిగాయి, రోడ్డు పక్కన నిలబడ్డవాడి హక్కు గురించి ఏ రాజధానిలోనూ జరగలేదు.

కొత్త గీతలు, కొత్త పుస్తకం

మొదటి ప్రపంచ యుద్ధంతో సరిహద్దులు మూతబడ్డాయి. తెరుచుకునేసరికి పటమే మారిపోయింది. ఆస్ట్రియా–హంగరీ ముక్కలై కొత్త దేశాలు పుట్టాయి. నిన్నటిదాకా ఒకే రాజ్యంలో సాగిన ప్రయాణానికి ఇప్పుడు రెండు మూడు గేట్లు అడ్డం. బండ్లు కూడా జమీందార్ల కొట్టాల నుంచి వైద్యుల, వ్యాపారుల ఇళ్లకు చేరాయి. జీతానికి డ్రైవరును పెట్టుకునే రోజులు పోయి, యజమానే చక్రం పట్టుకునే రోజులొచ్చాయి. బండికీ మనిషికీ కలిపి ఒకే పుస్తకం ఇక సరిపోలేదు.

1926 ఏప్రిల్ 24న పారిస్‌లోనే మరో ఒప్పందం జరిగింది. బండికి వేరే ధ్రువపత్రం, నడిపేవాడికి వేరే పర్మిట్ అని అప్పుడే విడదీశారు. మనం ఇప్పుడు ‘ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్’ అని పిలుస్తున్నది ఆ రోజు పుట్టింది. హెచ్చరిక బోర్డుకు త్రికోణం ఆకారం వచ్చింది కూడా ఆ ఒప్పందంతోనే.

ఇండియాలో 1914 నాటి మోటారు వాహనాల చట్టం అప్పటికే ఉంది. ఆ చట్టం కింద 1933లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అంతర్జాతీయ రాకపోకలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. బొంబాయిలో 1919లోనే మోటారు సంఘం వెలిసింది, మద్రాసులో 1934లో వచ్చింది. మన తెలుగువాళ్లకు ఆ రోజుల్లో పరాయి గేటు చూడాలంటే యూరప్ దాకా పోనక్కర్లేదు. మద్రాసు రాష్ట్రం నుంచి నిజాం రాజ్యంలోకి పోయే దారుల్లో కరోడ్‌గిరి నాకాలు ఉండేవి. అక్కడ సామాను విప్పి చూపించి, సుంకం కట్టి కదలాల్సిందే. రెండు వైపులా మాట్లాడేది తెలుగే అయినా గేటు గేటే.

బూడిదరంగు అట్ట

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ పని ఐక్యరాజ్యసమితి భుజాల మీద పడింది. 1949 ఆగస్టు నుంచి జెనీవాలో చర్చలు జరిగి, సెప్టెంబరు 19న రోడ్డు రాకపోకల ఒప్పందం తయారైంది. సంతకం చేసిన దేశాల్లో స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు నిండిన ఇండియా కూడా ఉంది. మన ప్రభుత్వం దాన్ని ధ్రువీకరించింది 1962 మార్చి 9న.

ఆ ఒప్పందం ఇచ్చిన పర్మిట్ ఎలా ఉండాలో అనుబంధంలో బొమ్మ గీసి మరీ చెప్పారు. బూడిదరంగు అట్ట, లోపల తెల్లని పేజీలు, ఏడాది గడువు. అదే సమాచారం ఒక్కో పేజీలో ఒక్కో భాషలో. ఏ నుంచి ఈ వరకు అయిదు తరగతుల వాహనాలు: మోటారు సైకిలుకు ఏ, మామూలు కారుకు బి, తర్వాత లారీలు, బస్సులు, ట్రైలర్లు. ఏ తరగతి నడపడానికి అర్హత ఉందో దాని పక్కన ముద్ర. ఫొటో, సంతకం ఉన్న చివరి పేజీ ఫ్రెంచిలో ఉంటుంది. అందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ‘మినహాయింపులు’ అని ఉండే భాగం. ఏ దేశమైనా ఈ మనిషి మా రోడ్ల మీద నడపడానికి వీల్లేదని నిర్ణయిస్తే, కారణం, తేదీ రాసి అక్కడ ముద్ర కొట్టవచ్చు. ఒక దేశం చూపిన నమ్మకాన్ని మరో దేశం వెనక్కి తీసుకోవడానికి ముందే జాగా వదిలిపెట్టారన్న మాట.

ఒప్పందం అసలు సారం ఇది: సభ్య దేశం పరీక్షించి ఇచ్చిన లైసెన్సు ఉన్నవాడిని మరో సభ్య దేశం మళ్లీ పరీక్ష అడగకూడదు. కావాలంటే అంతర్జాతీయ పర్మిట్ మాత్రం అడగవచ్చు. అంటే ఈ పుస్తకం దానంతటది లైసెన్సు కాదు. మీ ఊరి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఎనిమిది వేసి సంపాదించిన లైసెన్సుకు మీ దేశం పడే పూచీ ఇది. ఆ లైసెన్సు ఇంట్లో పెట్టి పుస్తకం ఒక్కటే పట్టుకుపోతే పూచీ ఉండి అప్పు పత్రం లేనట్టే.

ఆ కాగితాల బలం మీద ఎంత దూరం పోవచ్చో 1957లో ఒక బస్సు చూపించింది. ‘ఇండియామన్’ అనే ఆ బస్సు ఏప్రిల్ 15న 20 మంది ప్రయాణికులతో లండన్‌లో బయల్దేరి, యుగోస్లావియా, బల్గేరియా, టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా జూన్ 5న కలకత్తా చేరింది. టిక్కెట్టు 85 పౌండ్లు. మళ్లీ ఆగస్టు 2 నాటికి లండన్ చేరుకుంది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం రావడంతో ఆ దారి దాదాపు మూతబడింది.

మూడు పుస్తకాలు, ఒకే ప్రపంచం

1968 నవంబరు 8న వియన్నాలో ఇంకో ఒప్పందం జరిగింది. దాని ప్రకారం పర్మిట్‌కు మూడేళ్ల దాకా గడువు ఉండవచ్చు. కొత్తది వచ్చింది కదా అని పాతది రద్దు కాలేదు. ఏ దేశం దేనికి కట్టుబడిందో దాన్నే పట్టుకుంది. అమెరికా, జపాన్ 1949 దగ్గరే నిలిచాయి. బ్రిటన్ 1968లో సంతకం చేసి, యాభై ఏళ్ల తర్వాత 2018లో ధ్రువీకరించింది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వస్తున్నప్పుడు తన డ్రైవర్ల కాగితాల గతేమిటన్న బెంగ దాన్ని కదిలించింది. చైనా ప్రధాన భూభాగంలో ఈ పర్మిట్లేవీ చెల్లవు. అక్కడ నడపాలంటే స్థానిక అనుమతి తీసుకోవలసిందే.

మన దేశం ఇచ్చేది 1949 నాటి జెనీవా పర్మిట్. ఏడాదే గడువు. ఫారం 4ఏ నింపి, 1,000 రూపాయలు కట్టి, మీ లైసెన్సు ఉన్న రవాణా కార్యాలయంలో తీసుకోవాలి. రాష్ట్రానికో రకంగా ఉన్న ఈ పుస్తకాన్ని 2022 ఆగస్టులో దేశమంతా ఒకే నమూనాకు తెచ్చి, క్యూఆర్ కోడ్ చేర్చారు. విదేశంలో ఉండగా గడువు తీరితే భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకునే వీలు 2021లో వచ్చింది. రవాణా శాఖ కాకుండా ఇంటర్నెట్‌లో ఎవరో అమ్మే ‘అంతర్జాతీయ లైసెన్సు’ కొని మోసపోకండి.

ఇంకో సంగతి, పిల్లలు అమెరికాలో, యూరప్‌లో ఉన్న తల్లిదండ్రులు గుర్తు పెట్టుకోవలసింది. ఈ పూచీ బాటసారికే గానీ కాపురం పెట్టినవాడికి కాదు. కాలిఫోర్నియాలో నివాసం ఏర్పరచుకున్నవాడు పది రోజుల్లో అక్కడి లైసెన్సు తీసుకోవాలి. టెక్సాస్‌లో 90 రోజులు, జర్మనీలో ఆరు నెలలు, బ్రిటన్‌లో 12 నెలలు. గడువు దాటాక ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న లైసెన్సు గురించే. చదువు కోసం వెళ్లిన మన పిల్లలు ఈ ఒక్క విషయం తెలియక ఇబ్బంది పడకూడదు.

వచ్చే భాగంలో

1970ల్లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాలకు లక్షల చేతులు కావలసి వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు కువైట్, సౌదీ, దుబాయ్ దారి పట్టారు. వాళ్లలో చాలామంది ఇక్కడ లారీలు నడిపి అక్కడ మళ్లీ పరీక్షకు నిలబడినవాళ్లు. ఇళ్లలో డ్రైవర్లుగా పనిచేసినవాళ్లు, లైసెన్సు యజమాని చేతిలో ఇరుక్కున్నవాళ్లు కూడా ఉన్నారు. పదో భాగం వాళ్ల కథ. మీ ఇంట్లో ఆ కాలపు గల్ఫ్ లైసెన్సు గానీ, డ్రైవరుగా వెళ్లినవాళ్ల ఉత్తరాలు గానీ ఉంటే, వాటి వెనక సంగతులు మాకు రాసి పంపండి.